బత్తా లెక్క

మొన్న సెమిస్టర్ సెలవుల్లో మా బాబాయి లారీలో ఆకివీడు నుంచి హౌరా దాకా వెళ్లొచ్చాను. సరుకు చేపలు, ఐసు వేసి ప్యాక్ చేసినవి. లారీ డ్రైవరుకి నెలజీతం ఉంటుందనే అనుకునేవాణ్ణి అప్పటిదాకా. మా బాబాయికి లేదు. ట్రిప్పుకింత అని మాట, దారిలో తిండికి బత్తా, అంతే. బండి కదిలితేనే డబ్బు. హౌరాలో తిరుగు లోడు కోసం మూడు రోజులు పడున్నాం. ఆ మూడు రోజులకీ పైసా రాలేదు, హోటలు ఖర్చు మాత్రం అయింది.

మనం ఇంజనీరింగు వాళ్లం కదా, ఒక లెక్క వేద్దాం. దూరం సుమారు 1,100 కిలోమీటర్లు. లోడు బండి, టోలుగేట్లు అన్నీ కలిపి సగటున గంటకి 40 అనుకుంటే 27 గంటలకు పైగా స్టీరింగు మీదే ఉండాలి. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకి 8 గంటలే అంది. దూరం రూట్లలో అనుమతి తీసుకుంటే 10. అయిదు గంటలు పని చేస్తే కనీసం అరగంట విశ్రాంతి. ఆ ప్రకారం ఒక్క డ్రైవరైతే మూడో రోజుకి గానీ చేరడు. మాకేమో రెండో తెల్లారికల్లా మార్కెట్లో దించాలి. లేటైతే రేటు పడిపోతుంది, ఆ కోత ట్రిప్పు డబ్బుల్లోంచే.

మరి చట్టం ఏం చేసిందంటారా? అది అయిదుగురు, ఆపైన కార్మికులున్న సంస్థలకే వర్తించేలా రాశారు. మా బాబాయి ఓనరుకి రెండు లారీలు. ఇద్దరు డ్రైవర్లు, ఇద్దరు క్లీనర్లు. నలుగురే!

"మాట్లాడతా ఉండరా, నాకు నిద్ర రాదు" అన్నాడు బాబాయి ఇచ్ఛాపురం దగ్గర. రెండో రాత్రి బాలాసోర్ దాటాక నేనే నిద్రపోయాను. టైర్లు రోడ్డు అంచు దిగిన కుదుపుకి లేచాను. బాబాయి బండి ఆపి, దిగి, మొహం మీద నీళ్లు కొట్టుకుని మళ్లీ ఎక్కాడు. ఇద్దరం హౌరా దాకా మాట్లాడుకోలేదు. నేను నిద్రపోకుండా ఉండాల్సింది.

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్‌కి ఏసీ తప్పనిసరి. మా బండి అంతకు ముందుది. ఈ సంగతి చెబితే బాబాయి నవ్వాడు.

"ఏసీ వేస్తే నిద్ర ఇంకా ఎక్కువొచ్చేద్దిరా. ముందు రెండో డ్రైవర్ని ఇమ్మను."