అంగిలి కుట్టారు, మరి చెవి?

ప్రశ్న: నెల్లూరు నుంచి ఒక తల్లి రాశారు. బాబుకు మూడేళ్లు. అంగిలి చీలికకు ఏడాది వయసులో ఆపరేషన్ అయింది. అయినా మాట ముక్కుతోనే వస్తోంది. పిలిస్తే సగంసార్లు పలకడు, మహా మొండి. అమ్మమ్మ వస పోస్తోంది. నాలుక కింద తీగ కోయిస్తే గలగలా మాట్లాడతాడని ఒక వీడియోలో చూశారట. చెవికి ఏ చుక్కల మందు మంచిదని అడుగుతున్నారు.

జవాబు: చుక్కల మందు పేరు ఈ శీర్షికలో రాయరు. చుక్కలు కర్ణభేరికి ఇవతలే ఆగిపోతాయి. బాబు ఇబ్బంది బహుశా అవతల ఉంది. ఉత్తరంలో అసలు సంగతి ఆ ‘సగంసార్లు పలకడు’ అన్నదే. దాన్ని మీరు మొండితనం ఖాతాలో వేశారు.

ముక్కు వెనక నుంచి మధ్యచెవికి ఒక సన్నటి గొట్టం ఉంటుంది. మింగినప్పుడల్లా అంగిలి కండరం దాన్ని లాగి తెరుస్తుంది, లోపలికి గాలి పోతుంది. అంగిలి చీలిన పిల్లల్లో ఆ కండరానికి పట్టు దొరకదు. గాలి అందక మధ్యచెవిలో జిగురు నీరు నిలుస్తుంది. దీన్నే గ్లూ ఇయర్ అంటారు. ఈ పిల్లల్లో దాదాపు అందరికీ ఏదో ఒక దశలో ఇది వస్తుంది. పెదవి మాత్రమే చీలినవాళ్లకు ఈ బెడద తక్కువ. చీము కారదు, నొప్పి ఉండకపోవచ్చు కూడా. వినికిడి మాత్రం 20 నుంచి 40 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. పళ్లెం కింద పడితే బాబు చటుక్కున తిరిగి చూస్తాడు. వంటింట్లోంచి ‘చెప్పులు వేసుకో’ అంటే సగం అక్షరాలే అందుతాయి. సరిగ్గా చెవిన పడని అక్షరాన్ని సరిగ్గా పలకమంటే ఎలా?

ముక్కు మాట ఇంకో తంటా. ప, ట, క, స పలకాలంటే నోట్లో గాలి బిగబట్టాలి. అందుకు మెత్తటి అంగిలి పైకి లేచి ముక్కు దారి మూయాలి. ఆపరేషన్ బాగా జరిగినా కొందరిలో ఆ దారి పూర్తిగా మూసుకోదు. చిన్న అద్దం బాబు ముక్కు కింద పెట్టి ‘పాప, పాప’ అనిపించండి. అద్దానికి ఆవిరి పట్టిందంటే గాలి ముక్కులోంచి పోతోందన్నమాట. ‘మామ’ అన్నప్పుడు పట్టడం మామూలే. చూసింది డాక్టరుకు చెప్పండి, అంతవరకే. ఆపరేషన్ ఎప్పుడు చేశారన్న దాని మీదా మాట కొంత ఆధారపడుతుంది. 558 మంది పసిపిల్లలతో చేసిన ఒక పరిశీలన ఫలితాలు 2023లో వచ్చాయి. ఆరు నెలలకే అంగిలి కుట్టినవాళ్లలో ఐదేళ్ల వయసుకు ముక్కు దారి మూసుకోని లోపం 8.9 శాతం, ఏడాదికి కుట్టినవాళ్లలో 15 శాతం.

ఇక వస. తరతరాలుగా పోస్తున్నామంటారు. పోసినా పోయకపోయినా చాలామంది పిల్లలకు మాటలొస్తాయి కాబట్టే దానికి మాటలు తెప్పిస్తుందన్న పేరు దక్కింది. వస వల్ల చెవిలో నీరు చుక్కయినా కదలదు, మోతాదు మించితే వాంతులు. అమెరికాలో 1968లోనే దాన్ని ఆహారంలో వాడొద్దని నిషేధించారు. నాలుక కింద తీగకూ ముక్కు మాటకూ సంబంధమే లేదు. ఆ వీడియో చేసినాయన మీ వాడి నోరు తెరిచి చూశాడా? చుక్కల మందు ఇచ్చే మందుల షాపు అబ్బాయి దగ్గర కర్ణభేరిని చూసే పరికరం ఉందా? గోరువెచ్చని నూనె అని ఇంకెవరో చెబుతారు, అదీ పోసేస్తారు. ఇన్ని ప్రయోగాలకు ఓపిక ఉన్నవాళ్లకు ఒక్క వినికిడి పరీక్షకు తీరిక దొరకలేదు!

ముందు ఈఎన్‌టీ డాక్టరు, మధ్యచెవిలో నీరుందా అని చూసే టింపనోమెట్రీ, వినికిడి పరీక్ష. నీరు మూడు నెలలైనా తగ్గకుండా వినికిడికి అడ్డొస్తుంటే గ్రోమెట్ (కర్ణభేరిలో అమర్చే బుల్లి గొట్టం) గానీ వినికిడి యంత్రం గానీ ఆలోచిస్తారు. పక్కనే స్పీచ్ థెరపీ కూడా సాగాలి. డబ్బు లేదని ఆగకండి. 2013లో మొదలైన పిల్లల ఉచిత చికిత్స పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో మొర్రి, అంగిలి చీలిక, పుట్టు చెవుడు మూడూ ఉన్నాయి. సికింద్రాబాద్‌లో వినికిడి, మాట లోపాలు చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది.

ప్రశ్న: పాప చెవిలో పెట్టిన గ్రోమెట్ దానంతటదే ఊడిపోయింది, కొంప మునిగిందా అంటున్నారు ఖమ్మం పాఠకులొకరు.

జవాబు: లేదు. అది ఊడిపోవడానికే పెడతారు. వినికిడి ఒకసారి చూపించండి.

ప్రశ్న: మొదటి బిడ్డ గ్రహణం మొర్రితో పుట్టిందట. ఏడో నెలలో గ్రహణం నాడు కూరలు తరిగినందుకేనని అత్తగారి మాట. ఇప్పుడు రెండో కాన్పు. ఏ స్కానింగ్ మంచిదని శ్రీకాకుళం నుంచి అడుగుతున్నారు.

జవాబు: స్కానింగ్ సంగతి తర్వాత, తల్లీ. నీ తప్పేం లేదు. బిడ్డ పెదవి కలిసేది ఆరేడు వారాల్లో, అంగిలి కలిసేది పన్నెండు వారాల్లోపు. నువ్వు కత్తిపీట ముందు కూర్చునే నాటికి ఆ పని ముగిసి నాలుగు నెలలు. ఈ ముక్క అత్తగారికి చదివి వినిపించు. రెండో బిడ్డకు వచ్చే అవకాశం నూటికి మూడు నుంచి ఐదు, అంటే తొంభై అయిదుకు పైగా నీ వైపే. కొన్ని మూర్ఛ మందులు చీలిక ముప్పు పెంచుతాయి, అవి వాడుతుంటే సొంతంగా మానకుండా డాక్టరుతో మాట్లాడు. స్కానింగ్ 18, 20 వారాల మధ్య చేయించుకో. పెదవి చీలిక సాధారణంగా కనిపిస్తుంది, ఒక్క అంగిలే చీలితే తరచూ కనబడదు.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి ఒక తండ్రి ఇంటర్నెట్ నుంచి తీసిన కాగితాల కట్ట జతచేశారు. పాప గురకకు అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ) తీయించబోతున్నారు, మత్తు ప్రమాదమా అని భయం. చివర్లో ఒక వాక్యం: పాప కొండనాలుక రెండుగా చీలి ఉంటుంది, అది ముద్దుగా ఉంటుందట.

జవాబు: కట్టంతా పక్కన పెట్టి ఆ చివరి వాక్యం మీ సర్జన్‌కు చెప్పండి, ఆపరేషన్‌కు ముందే. పైపొర కలిసిపోయి లోపల కండరం మాత్రం చీలి ఉండే అంగిలికి అది గుర్తు కావచ్చు. అలాంటి పిల్లల్లో ముక్కు దారి మూయడానికి అడినాయిడ్స్ ఆసరాగా ఉంటాయి. తీసేస్తే గురకతో పాటు స్పష్టమైన మాటా పోవచ్చు.

ప్రశ్న: మనవరాలికి కుడిచెవి డొప్ప లేదు, రంధ్రమూ లేదు. పెళ్లి నాటికి చెవి తయారు చేయించొచ్చా అని కర్నూలు తాతగారు అడుగుతున్నారు. పాపకు ఎనిమిది నెలలు.

జవాబు: పెళ్లికి ఇంకా చాలా టైముంది, తాతగారూ. పక్కటెముక మృదులాస్థితో చెవి డొప్ప చేయడానికి ఎనిమిది, పదేళ్లు నిండేదాకా ఆగుతారు. ఆగకూడనిది వినికిడి. ఎడమచెవి చక్కగా వింటోందా అని ఈ నెలలోనే బెరా అనే వినికిడి పరీక్షతో తేల్చండి. ఎడమచెవిలోనూ లోపముంటే ఎముక ద్వారా శబ్దం పంపే యంత్రాన్ని పట్టీతో తలకు కట్టవచ్చు. ఎనిమిది నెలల పాపకూ అది పెట్టొచ్చు.