నింగియు నీరును

వాల్తేరు తీరమున ఫాల్గుణ చైత్ర మాసములలో ఎండ ముదురును. మిట్టమధ్యాహ్నమున ఇసుకపై కాలు మోపుట కష్టము. ఆ దినములలో సముద్రపు నీరును నానాటికి వేడెక్కుచుండవలెనని మన మనుకొందుము. కాని తీరమునకు చేరువగా థర్మామీటరు దింపి చూచినవారికి వేఱొక సంగతి కనబడినది. ఎండ హెచ్చుచుండగా నీరు చల్లబడుచున్నది! ఈ చల్లదనము ఎచ్చటినుండి వచ్చినది?

ఇట్టి ప్రశ్నలకు సమాధానము వెదకు విద్యకు మన దేశమున తొలుత చోటిచ్చిన విద్యాపీఠములలో ఆంధ్ర విశ్వవిద్యాలయము ఒకటి. వాతావరణ శాస్త్రమును, సముద్ర శాస్త్రమును జంటగా బోధించుటకు 1949లో అచ్చట ఏర్పాటు జరిగెను. విశాఖపట్టణమునకు ఈ అభిరుచి క్రొత్తది కాదు. గోడే వేంకట జగ్గారావుగారు 1840లోనే ఆ పట్టణమున సొంత ధనముతో వేధశాలను నెలకొల్పిరి. ఆయన అల్లుడు అంకితం వేంకట నరసింగరావుగారు అందు నక్షత్రములతోపాటు గాలివానల లెక్కలనుకూడ వ్రాయించిరి.

1952లో అమెరికానుండి యూజిన్ లాఫాండ్ అను సముద్ర శాస్త్రజ్ఞుడు ఆచార్యుడుగా వాల్తేరునకు వచ్చెను. ఆయన భార్య కాథరిన్ కూడ ఈ విద్యలో పరిశ్రమ చేసినదియే. గట్టుమీద కూర్చుండి గ్రంథములు చదివినంతమాత్రమున సముద్రము తెలియదు. కావున విద్యార్థులు నౌకాదళమువారి ఓడలెక్కి బంగాళాఖాతముపైకి పోయిరి.

లోతునందలి నీటిని పైకి తెచ్చుట చెప్పినంత సులభము కాదు. కడవను త్రాటికి కట్టి దింపినచో అది పైనీటితోనే నిండిపోవును. అందుచేత నార్వే దేశీయుడగు నాన్సెన్ పేరిట ప్రసిద్ధికెక్కిన ఒక లోహపు సీసాను వాడుచుండిరి. అది రెండు కొనలును తెఱచియుండు గొట్టము. అట్టివానిని కొన్నింటిని ఒకే తీగకు వేర్వేరు ఎడములలో బిగించి దింపుదురు. కొన్ని నిమిషములు నిలిపి, పైనుండి తీగవెంట చిన్న లోహపు గుండును జారవిడుతురు. దానికి ‘దూత’ అని పేరు. దూత పోయి మొదటి సీసాను తట్టగానే అది తలక్రిందులై రెండు మూతలును పడును. అదే క్షణమున దాని క్రింద వ్రేలాడు మరియొక దూత విడివడి రెండవ సీసాకు కబురు కొనిపోవును. సీసా ప్రక్కనున్న థర్మామీటరును తలక్రిందులై, అందలి పాదరసపు దారము తెగి, ఆ లోతునందలి ఉష్ణోగ్రతను అట్లే నిలుపుకొనును. ఓడ యూగిసలాడుచుండ, కడుపులో వికారము పుట్టుచుండ, ఈ పనిని రాత్రియనక పగలనక చేయవలెను. ఒక్క అంకె తప్పుగా వ్రాసికొన్నచో ఆ శ్రమయంతయు వ్యర్థము.

ఇట్టి అంకెలనుండియే వాల్తేరు నీటి చల్లదనపు రహస్యము బయటపడెను. వసంతమున గాలి నైరృతి దిక్కునుండి తీరము వెంబడి వీచును. ఉత్తరార్ధగోళమున కదలు నీరు భూభ్రమణము వలన తన గమనమునకు కుడివైపు ఒరగును. నాన్సెన్ 1893లో ఉత్తర ధ్రువ సముద్రమునకు బోయినప్పుడు, మంచుగడ్డలు గాలి పోకడకు కుడిగా తేలిపోవుట గమనించెను. దానికి కారణమును పిమ్మట స్వీడను దేశీయుడగు ఎక్మన్ గణితముతో నిరూపించెను. మన తీరమున ఆ కుడివైపున నున్నది నడిసముద్రమే. పైనీరు అటు తొలగిపోగా, ఆ వెలితిని పూరించుటకు అడుగునుండి చల్లని నీరు లేచి వచ్చును. దానివెంట వచ్చు పోషక లవణములచే కంటికానని నాచుమొక్కలు పెంపొందును. వానిని తిను జీవులు పెరుగును. వానికొఱకు చేపలు చేరును. ధ్రువమున మంచుగడ్డను నడిపిన నియమమే వాల్తేరు జాలరి వలను నింపుచున్నదన్నమాట.

ఆకాశమును సముద్రమును ఒకే శాఖలో ఏల బోధింపవలెనని కొందఱు సందేహింతురు. నేననుట, వేఱుచేయుటయే అసహజము. భూమిని ఆవరించిన గాలి యంతటిని ఒక డిగ్రీ వేడిచేయు ఉష్ణము, సముద్రపు పైపొరలో ఇంచుమించు మూడు మీటర్ల మందమును మాత్రమే ఒక డిగ్రీ వేడిచేయగలదు. ఇక తుపాను సంగతి. ఇరువదియారున్నర డిగ్రీలకు మించిన వేడినీరు కొంత లోతువఱకు పఱచుకొనియున్నచోటనే అది సాధారణముగా బలపడును. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చిపోయు మంచినీరు తేలికైనది గనుక బంగాళాఖాతముపై దుప్పటివలె తేలియుండును. దానిచే క్రిందినీరు సులభముగా పైకి రాజాలక పైపొర వెచ్చగానే నిలుచును. కనుక తుపానును గూర్చి చెప్పవలసినవాడు గాలినేకాక నీటియందలి ఉప్పును గూడ కొలువవలెను.

ఈ విద్యకు వచ్చు విద్యార్థికి గణితము, భౌతికశాస్త్రము గట్టిగా వచ్చియుండవలెను. పూర్వము పటముపై ఊరూరి వాయుభారములను గుర్తించి, సమాన భారములుగల చోట్లను చేతితోనే రేఖలచే కలిపెడివారు. ఇప్పుడు యంత్రగణకములు క్షణములో గీయును. కాని చేతితో గీసినవానికి అల్పపీడనము ఎట్లు బిగియునో కన్నులకు కట్టును.

1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై ఉప్పెన విరుచుకుపడి దాదాపు పదివేలమంది ప్రాణములను హరించెను. ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకొనిపోయెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో విశాఖపట్టణముననే తీరము దాటెను. విశ్వవిద్యాలయ ప్రాంగణమున మహావృక్షములు కూకటివ్రేళ్లతో కూలెను. కాని దాని రాకను దినముల ముందుగనే గ్రహించి లోతట్టు జనులను తరలించుటచే మృతుల సంఖ్య పదులను దాటి వందలకు పోలేదు. చనిపోయిన ప్రతివాని యింటికిని అదియు ప్రళయమే; అయినను దివిసీమకును దీనికిని గల వ్యత్యాసము చిన్నది కాదు.

నేడు దూతల పని చాలవఱకు తగ్గినది. మనుష్యులు లేకుండ తిరుగు తేలుడు యంత్రములు వేయి మీటర్ల లోతున కొట్టుకొనిపోవుచు, పదిదినముల కొకమాఱు రెండువేల మీటర్లకు దిగి, అచ్చటినుండి ఉష్ణోగ్రతను, లవణతను కొలుచుకొనుచు పైకి వచ్చి ఉపగ్రహమునకు వార్త నందించును. సముద్రము కానరాని హైదరాబాదులో 1999లో స్థాపింపబడిన జాతీయ సంస్థ ఆ వార్తలను సేకరించి, జాలరులకు చేపలుండు తావులను, అలల పోకడను తెలుపుచున్నది. తుపాను ఏ దారిని వచ్చునో మునుపటికంటె మేలుగా చెప్పగలుగుచున్నారు. అది తీరమును చేరులోపల ఎంత వేగముగా బలియునో చెప్పుట మాత్రము ఇంకను కష్టముగనే యున్నది. దాని దారిలోని వెచ్చని నీటి మందమును అంతటను కొలిచినవారు లేరు.