అంబర్‌లో దొరికిన మగ దోమలు

అంబర్ అనగానే మనలో చాలామందికి 'జురాసిక్ పార్క్' సినిమానే గుర్తొస్తుంది. దోమ కడుపులో రక్తం, అందులోంచి డైనోసార్ డీఎన్ఏ! డీఎన్ఏ అన్ని కోట్ల ఏళ్లు నిలవదు కాబట్టి అది అయ్యే పని కాదు. నన్నడిగితే, అంబర్‌లో చూడాల్సింది దోమ కడుపు కాదు, మూతి.

ముందు అంబర్ సంగతి. చెట్ల నుంచి కారేదంతా ఒకటే బంక కాదు. తుమ్మబంక నీళ్లలో కరిగిపోతుంది, గుగ్గిలం కరగదు. ఈ కరగని రకమే భూమిలో కూరుకుపోయి, యుగాల తరబడి గట్టిపడితే అంబర్. గుజరాత్‌లోని వస్తాన్ లిగ్నైట్ గనిలో దొరికిన 5 కోట్ల ఏళ్ల నాటి అంబర్ అయితే అచ్చంగా గుగ్గిలం చెట్ల కుటుంబానిదే. కారుతున్నప్పుడు పురుగు అంటుకుందంటే మీసాలతో సహా అలాగే ఉండిపోతుంది.

ఇక అసలు కథ లెబనాన్‌ది. హమ్మానా ఊరి దగ్గర దొరికిన అంబర్‌లోని రెండు కీటకాల గురించి 2023 డిసెంబర్‌లో డానీ అజార్ బృందం ఒక పేపర్ వేసింది. వయసు దాదాపు 13 కోట్ల ఏళ్లు. వాటికి లిబనోక్యులెక్స్ ఇంటర్మీడియస్ అని పేరు పెట్టారు. రెండూ మగవే. కానీ మూతిలో పదునైన త్రికోణపు దవడలున్నాయి, గుచ్చడానికి పనికొచ్చే సన్నని పళ్లూ ఉన్నాయి!

ఇందులో వింతేముంది అంటారా? ఇవాళ మనల్ని కుట్టేది ఆడ దోమే. గుడ్లకి ప్రొటీన్ కావాలి కాబట్టి దానికి రక్తం అవసరం. గుబురు మీసాల మగ దోమ పూల తేనెతో బతికేస్తుంది, దానికి చర్మాన్ని గుచ్చే సరంజామా లేదు. అందుకే దోమల పూర్వీకులు మొదట మొక్కల రసాలు తాగేవనీ, తర్వాతే ఆడవి రక్తం మరిగాయనీ అనుకునేవారు. ఈ శిలాజం ఆ కథని తిరగేస్తోంది: మొదట్లో రెండూ తాగేవి, తర్వాత మగవి మానేశాయి. పూల మొక్కలు అప్పుడప్పుడే విస్తరిస్తున్న కాలం కదా, తేనె దొరికాక మానేశాయేమో అని నా ఊహ.

అయితే 2024లో రాల్ఫ్ హార్బాక్ అనే దోమల నిపుణుడు అసలు ఇది దోమే కాదు, దోమలకి దాయాదులైన కేయోబోరిడే కుటుంబానిది అన్నాడు. అదే నిజమైతే కథ మళ్లీ మొదటికే.

దీని తర్వాతి సాక్ష్యం మయన్మార్ అంబర్‌లో ఉంది. దాదాపు 10 కోట్ల ఏళ్ల నాటి ప్రిస్కోక్యులెక్స్‌ని 2019లో అనాఫిలిస్ వర్గంలో చేర్చారు. 1897లో సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ కడుపు కోసి మలేరియా క్రిమిని చూసిన దోమ కూడా ఆ వర్గానిదే. అంటే డైనోసార్లున్నప్పుడే ఆ శాఖ వేరుపడిపోయిందన్నమాట.

లెబనాన్ తగువు తీరాలంటే రెండు మగ పురుగులు చాలవు. అదే అంబర్‌లో వాటి జాతి ఆడది ఒకటి దొరికితే, రెండింటి మూతులూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు.