కేన్సర్ ఆపరేషన్ తర్వాత ఇంట్లో ఫోన్: చేయవలసినవి - చేయకూడనివి

ఛత్తీస్‌గఢ్‌లోని మద్దేడు నుంచి గోదావరి దాటి హైదరాబాద్‌ ఎం.ఎన్‌.జె. వంటి ఆసుపత్రులకు వెళ్ళి ఆపరేషన్ చేయించుకున్నవారు ప్రతి అనుమానానికీ మళ్ళీ అంత దూరం వెళ్ళలేరు. అలాంటప్పుడు ఫోన్ పనికొస్తుంది, సరిగ్గా వాడితేనే.

చేయవలసినవి

- గాయం ఫొటోలు ఏ నంబరుకు పంపాలో, ఎవరు ఏ వేళల్లో చూస్తారో డిశ్చార్జి రోజే రాయించుకోండి. ఎవరూ చూడని నంబరుకు పంపితే పంపనట్టే.
- డిశ్చార్జి కాగితాలన్నీ ఫొటో తీసి ఉంచుకోండి; బీజాపూర్ జిల్లా ఆసుపత్రికి వెళ్ళాల్సి వస్తే చూపించండి.
- రోజూ ఒకే వేళకు థర్మామీటరు పెట్టి అంకె పంపండి. "ఒళ్ళు వెచ్చగా ఉంది" అంటే చాలదు.
- డ్రెయిన్ గొట్టం ఉంటే 24 గంటల్లో ఎన్ని మిల్లీలీటర్ల ద్రవం వచ్చిందో, ఏ రంగులో ఉందో రాసి పంపండి.
- గాయాన్ని పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, రోజూ ఒకే దూరం నుంచి ఫొటో తీయండి.
- కట్టు విప్పేవారు ఫోన్ ముట్టుకోకూడదు. ఫొటో ఇంకొకరు తీయాలి.
- నోటి ఆపరేషన్ వల్ల మాట రానివారిని నొప్పి 0 నుంచి 10లో ఎంతో వేళ్ళతో చూపమనండి.
- రోగి గోండి మాత్రమే మాట్లాడితే గోండితో పాటు డాక్టరు భాష కూడా తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్ చేయండి.
- ఫోన్ ఉన్న మనిషి మిర్చి కోతకు తెలంగాణ వెళ్తుంటే, రోగి దగ్గర ఇంకో ఫోన్ ఉంచి ఆ నంబరు ఆసుపత్రికి చెప్పండి.
- జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరినా, చీము కారినా, కుట్లు విడినా అదే రోజు ఫోన్ చేయండి.
- ఆయాసం, ఛాతీ నొప్పి, ఆగని రక్తం, ఒక పిక్క వాచి నొప్పి: వెంటనే 108కి ఫోన్ చేయండి. ఫొటోలు తర్వాత.

చేయకూడనివి

- వాట్సాప్‌లో రెండు టిక్కులు పడగానే డాక్టరు చూశారనుకోకండి.
- సిగ్నల్ లేదని రేపటికి ఆపకండి. ఫొటో వెళ్ళకపోతే మామూలు కాల్ చేయండి, అదీ కలవకపోతే దగ్గరి ఆసుపత్రికి బయల్దేరండి.
- ఫొటోకు ఫిల్టర్లు వాడకండి, ఎరుపు కనబడదు.
- ఫొటోలు బంధువుల గ్రూపుల్లో పెట్టకండి, రొమ్ము ఆపరేషన్‌వి అసలే వద్దు.
- వీడియోలు చూసి ఆకు పసరు గాయానికి పూయకండి.
- ఆయుష్మాన్ కార్డు పేరు చెప్పి ఫోన్ చేసేవారికి ఓటీపీ ఇవ్వకండి.
- ఫోన్‌లో అంతా బాగుందన్నారని తిరిగి చూపించుకునే తేదీ దాటనివ్వకండి. కుట్లు మానినా, తర్వాతి చికిత్స బయాప్సీ రిపోర్టును బట్టే ఉంటుంది.