ఎంఎస్‌కు ఒకే డాక్టరు, ఒకే ఫైలు

ప్రశ్న: నా భార్యకు 32 ఏళ్లు. రెండేళ్ల కిందట ఒక కన్ను మసకబారి, తర్వాత బాగైంది. ఇప్పుడు కాళ్ల తిమ్మిర్లు. మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అన్నారు. ఏ ఆస్పత్రికి వెళ్లినా పరీక్షలు మళ్లీ మొదటికొస్తున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, పొదిలి

జవాబు: ఇది ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండాల్సిన జబ్బు. ముందు ఒక న్యూరాలజిస్టు దగ్గర కుదురుకోండి. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో ఈ విభాగం ఉంది. ఎమ్మారై రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా సీడీ కూడా అడిగి తీసుకోండి. పాత చిత్రాలతో పోల్చి చూస్తేనే కొత్త మచ్చలు బయటపడతాయి. అక్వాపోరిన్-4 యాంటీబాడీ పరీక్ష చేశారో లేదో కనుక్కోండి. ఈ పరీక్ష ఎందుకంటే, ఎన్‌ఎంఓ అనే మరో జబ్బూ కంటినీ వెన్నుపామునూ ఇలాగే దెబ్బతీస్తుంది. ఎంఎస్‌కిచ్చే కొన్ని మందులు దాన్ని ముదరబెడతాయి.

మిరప కోతకెళ్లినప్పుడు ఎండకు కాళ్లు బరువెక్కి, నీడపట్టున చల్లబడగానే తేలికైతే అది సాధారణంగా కొత్త దాడి కాదు. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్ లేకుండా కొత్త ఇబ్బంది 24 గంటలు దాటితే మాత్రం ఆలస్యం చేయొద్దు. అప్పుడు సాధారణంగా 3 నుంచి 5 రోజులు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. అవి త్వరగా కోలుకోవడానికే తప్ప తర్వాతి దాడిని ఆపవు. ఆపే మందులు వేరు. ఒంట్లో బాగుందని వాటిని మానేసినవాళ్లను చూస్తే నాకు చాలా బాధేస్తుంది. పిల్లల ఆలోచన ఉంటే మందు ఎంచుకునే ముందే డాక్టరుకు చెప్పండి.

2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఎంఎస్ ఉంది. వైకల్యం 40 శాతానికి చేరితే సదరం ధ్రువపత్రానికి దరఖాస్తు చేయండి.