సి.టి. పరీక్షలో కదలకుండుట ఎందుకు?

రాయదుర్గము వైపు పల్లెలో ఒకడు చెట్టుమీదినుండి పడి తలకు దెబ్బ తగిలించుకొన్నచో, అతనిని అనంతపురము ఆసుపత్రికి చేర్చునపుడు తరచుగా వెంట వెళ్ళునది పంచాయతీ సభ్యుడే. అచ్చట వైద్యుడు సి.టి. స్కానింగు వ్రాయును. రోగిని బల్లపై పరుండబెట్టి “కదలవద్దు” అందురు. ఇది పైపై మాట కాదు. పరీక్షాఫలితము చాలవరకు దీనిపైననే ఆధారపడియున్నది.

సి.టి. యంత్రము ఒక్కమారుగా చిత్రము తీయదు. ఎక్స్‌రే గొట్టము రోగిచుట్టు తిరుగుచు వందలకొలది కోణములనుండి కొలతలు తీసికొనును. కంప్యూటరు వాటి నన్నిటిని కలిపి లెక్కించి, శరీరమును అడ్డముగా కోసి చూచినట్లు చిత్రమును కూర్చును. సర్వేయరు పొలమును కొలుచుచుండగా నడుమ హద్దురాయిని జరిపినచో పటము కుదురునా? ఇదియు నట్టిదే.

రోగి కదలినచో ఎముకల అంచులు జంటగా కనిపించును, చిత్రము మసకబారును, చారలు పడును. ఆ చారలు మెదడులోని చిన్న రక్తస్రావమును మరుగుపరుపవచ్చును, లేదా లేనిదానిని ఉన్నట్లు భ్రమింపజేయవచ్చును. మరల తీయవలసివచ్చినచో అదనముగా కిరణములు సోకును. విలువైన కాలము గడచిపోవును.

1971 అక్టోబరు 1వ తేదీన లండనులో, గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డు రూపొందించిన యంత్రముతో తొలి రోగికి తల పరీక్ష జరిగినది. అపుడు ఒక్కొక్కసారి కొలుచుటకు కొన్ని నిమిషములు పట్టెడిది. నేటి యంత్రములలో గొట్టము ఒక సెకనులోపుననే చుట్టివచ్చును. అయినను ఊపిరి, దగ్గు, వణకు చిత్రమును చెరుపగలవు.

కావున సభ్యులు ఈ క్రింది విషయములను గమనింపవలెను:

1. యంత్రము ఒంటిని తాకదనియు, బల్ల మెల్లగా జరుగుననియు రోగికి ముందే చెప్పి భయము తీర్పవలెను.

2. ఎద పరీక్షకు కొన్ని సెకనులు ఊపిరి బిగబట్టవలసియుండును. దానిని బయటనే రెండుమారులు అభ్యాసము చేయించుట మేలు.

3. కన్నడము మాత్రమే తెలిసిన అవ్వకు ఆమె భాషలోనే విశదపరుపవలెను.

4. దగ్గు, వణకు, చెవుడు, తీవ్రమైన నొప్పి ఉన్నచో సిబ్బందికి ముందుగా తెలుపవలెను. గర్భమున్నదను అనుమానమును దాచరాదు.

5. తలకు దెబ్బ తగిలి కాలుసేతులు కొట్టుకొనువాడు మొండితనముచే అట్లు చేయుటలేదు. అతనిని గద్దింపరాదు, తలను అదిమిపట్టరాదు, వైద్యునికి చెప్పవలెను.

6. సిబ్బంది అనుమతి లేక ఎవరును పరీక్షాగదిలో నిలువరాదు.

ఎండలో ఎంతో దూరము తెచ్చిన రోగికి తొలి చిత్రముతోనే నిజము తెలియుట మేలు. అందులకు మీ ధైర్యవచనము యంత్రమునకు తోడు కాగలదు.