ఇరుకు గది, కొండంత బట్టలు: పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మా అపార్టుమెంటులో వంటింటి వెనుక ‘యుటిలిటీ’ యను పేర ఒక గది యున్నది. వెడల్పు మూడున్నర అడుగులు, పొడవు ఏడడుగులు. ముందువైపు తలుపు గల వాషింగ్ మెషిన్, బకెట్లు, మాసిన బట్టల బుట్ట, చీపుళ్లు, బియ్యపు బస్తా, సంక్రాంతికి తప్ప దింపని ఇత్తడి గుండిగ, అన్నియు అందులోనే. లోపలికి పోయినవారు వెనుకకు తిరుగలేక వెనుకడుగులతోనే బయటికి రావలసివచ్చుచున్నది. దారి చూపుదురా?
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: అమ్మా, మీరు వర్ణించినది నిజమునకు గది కాదు. మన పెద్దల కాలమున నూతిగట్టు, ఉతుకుడు బండ, దండెము, పాతసామాను కొట్టము వీనితో ఇంటి వెనుక తీరికగా పరచుకొని యుండిన పెరడే, బిల్డరు గీయించిన ప్లానులో మూడున్నర అడుగులకు ముడుచుకొనిపోయి, పేరు మార్చుకొని మీ వంటింటి వెనుక నిలిచియున్నది. పెరడు మోసిన బరువునంతయు ఈ సందు మోయవలెనని కోరుచున్నాము. చిక్కంతయు అక్కడనే కలదు. కావున అలమరలు కొనుటకు పూర్వమే, అక్కడినుండి ఏవి వెడలిపోవలెనో నిర్ణయింపుడు. బియ్యమునకు తేమ పరమశత్రువు. ఆ బస్తా ఈ పూటనే బయటికి రావలెను. ఏడాదికొకమారు దింపు గుండిగకు అటక యుండగా నేలమీద పీట యేల?

పిమ్మట యంత్రము. అనేకులు దానిని పొడవుగోడకు ఆనించి నిలిపి, ఆపైన ఇరుకు ఇరుకని వాపోవుదురు. ఇట్టి యంత్రముల వెడల్పు సాధారణముగా 60 సెంటీమీటర్లు, అనగా రమారమి 24 అంగుళములు. లోతు సైతము పెద్ద రకములలో ఇంచుమించు అంతే. వెనుక గొట్టములకై మూడంగుళములు విడిచినచో, మీ 42 అంగుళముల వెడల్పులో ముందు మిగులునది 15 అంగుళములు మాత్రమే. అంతమాత్రపు చోట గుండ్రని తలుపు బారుగా తెరచుకొనుట కష్టము, తెరచుకొన్నను మనిషి వంగి బట్టలు తీయుట అసాధ్యము. దానినే గది చివరి పొట్టిగోడకు చేర్చి, ముఖమును ద్వారమువైపు త్రిప్పినచో, ముందు నాలుగడుగులకు మించిన చోటును, ప్రక్కన 18 అంగుళముల సందును దక్కును. ఆ సందులో మాసిన బట్టల బుట్ట, అదియు గుండ్రముగా గాక నలుచదరముగా పొడవుగా ఉన్నచో, చక్కగా ఇమిడిపోవును. కుళాయియు తూమును పొడవుగోడకే యున్నచో పొడవైన గొట్టములు వేయించుట ప్లంబరునకు ఒక పూట పని. యంత్రపు ముందుభాగమున అడుగున చిన్నమూత వెనుక ఉండు వడపోతను అప్పుడప్పుడు తీసి కడుగవలెను గనుక, దానికి అడ్డముగా ఏదియు పెట్టకుడు.

ఇక గోడలు. ఇట్టి గదిలో నేలను దోవకు విడిచి, గోడను సామానుకు వాడుకొనవలెను. భుజముల ఎత్తునకు పైన, ఒక్క పొడవుగోడకు మాత్రమే, తొమ్మిదంగుళముల లోతున రెండు మూడు అరలు వేయింపుడు. రెండు గోడలకును వేయించితిరేని గది సొరంగమగును. సబ్బుపొడి, నీలిమందు, క్లిప్పుల డబ్బా చేతికందు అరలోను, అప్పుడప్పుడు వాడునవి పై అరలోను ఉండవలెను. అరలకు మామూలు ప్లైవుడ్ వలదు. రెండు వానకాలములకు ఉబ్బి విచ్చిపోవును. సొంత ఇల్లయినచో గోడలోనికి దించిన కడప బండను మించినది లేదు; అద్దె ఇల్లయినచో అల్యూమినియము చాలును. చీపుళ్లు కొక్కెములకు వ్రేలాడవలెను, బకెట్లు ఒకదానిలో నొకటి ఒదుగవలెను. ద్వారపు తలుపు లోనికి తెరచుకొనునేమో చూడుడు. అట్లయినచో వడ్రంగిని పిలిచి బందులు మార్పించి బయటికి తెరచుకొనునట్లు చేయింపుడు. ఇంత స్వల్పవ్యయముతో ఇంత చోటు మరెక్కడను దొరకదు.

ప్రశ్న: మా ఉతికే గదిలో ఒకే అరమీద బ్లీచింగ్ పొడి, మరుగుదొడ్డి కడుగు యాసిడ్ ప్రక్కప్రక్కన ఉంచుచున్నాము. మా అత్తగారు కూడదనుచున్నారు.
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: మీ అత్తగారి మాటయే శిరోధార్యము. బ్లీచింగ్ పొడికి ఆమ్లము తగిలిన తత్‌క్షణమే క్లోరిను వాయువు వెలువడును. 1915 ఏప్రిలులో బెల్జియమునందలి ఈప్ర్ పట్టణము చెంత జర్మను సైన్యము శత్రువులపై వదలినది ఈ వాయువునే. కిటికీ సరిగా లేని సందులో, సీసా మూత వదులై నాలుగు చుక్కలు కారినను కన్నులు మండి ఊపిరాడకపోవుటకు చాలును. పొడిని గట్టి మూతగల ప్లాస్టిక్ డబ్బాలో, తడి తగులని అరలో ఉంచుడు, రేకుడబ్బా త్రుప్పుపట్టిపోవును. యాసిడ్ సీసా వేరొకచోట, తాళము గల క్రింది అరలో ఉండవలెను. ఏ ద్రవమునైనను కంటి ఎత్తునకు మించి పెట్టినచో, తీయునపుడు జారి ముఖముమీదనే పడును. కూల్‌డ్రింకు సీసాలలో మాత్రము ఎన్నడును పోయకుడు. పసివారికి అక్షరములు రావు, సీసా ఆకారము వచ్చును.

ప్రశ్న: వానకాలములో బట్టలారుట గగనమగుచున్నది. గదిలో మడత స్టాండు పరచిన నడువ వీలులేదు. పట్టుచీరల ట్రంకు కూడ అక్కడనే యున్నది.
– ఒక పాఠకుడు, ఖమ్మము

జవాబు: ట్రంకును ముందు పడకగదికి తరలింపుడు. తడిబట్టలారు చోట పట్టునకు బూజు పట్టును, జరీ నల్లబడును. స్టాండును ఎవరికైన ఇచ్చివేసి, కప్పునుండి త్రాళ్లతో దిగు గొట్టపు దండెములను గది పొడవునకు బిగింపుడు. ఒక్కొక్క గొట్టమును విడివిడిగా దించుకొని, బట్ట వేసి, పైకి లాగి కట్టివేయవచ్చును. ముసలివారు సైతము చేయి ఎత్తనక్కరలేదు. నూలుచీరను ఒక్క గొట్టముమీద నాలుగు మడతలుగా గాక, రెండు గొట్టములమీద ఎడముగా వేసిన గాలి దూరి త్వరగా ఆరును. గాలిని బయటికి నెట్టు ఫ్యాను ఒకటి లేనిదే ఇదంతయు సగము పనియే. స్విచ్చుబోర్డుపై నీరు కారకుండునట్లు చూచుకొనుడు.

ప్రశ్న: యంత్రముపైన చోటు వృథాగా పోవుచున్నది. సామాను పెట్టవచ్చునా?
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: మడిచిన తువ్వాళ్లు పెట్టవచ్చును, సీసాలు పెట్టరాదు. బట్టలు పిండునపుడు నిమిషమునకు వేయి చుట్లకు పైగా తిరుగు యంత్రములు కలవు. ఆ అదురునకు పైనున్న సీసా అడుగులో అడుగు వేసికొనుచు అంచు చేరును. ఈ మాట నేను పుస్తకములలో చదివి చెప్పుటలేదు. మా ఇంట నీలిమందు సీసా అట్లే నడచివెళ్లి, క్రిందనున్న బకెట్టులో, జాడించి ఉంచిన నా పంచెలపై పడినది. వానిలో రెండింటిని నేటికిని ఇంటివద్ద మాత్రమే కట్టుచున్నాను.